చూపు తగ్గక మునుపే కంటిలో కలుగు మార్పులు



ప్రతి సంవత్సరము మన పాఠశాలలో పిల్లల కన్నులు పరీక్షింపబడుచున్న సంగతి మీరెరుగుదురు. గోడకు అక్షరముల పలకను వ్రేలాడగట్టి, ఇరువది అడుగుల దూరమున పిల్లవానిని నిలువబెట్టి, ఒక కన్ను మూయించి చదివింతురు. కడపటి వరుస వరకు చదివినవానికి చూపు బాగున్నదని వ్రాసికొందురు. చదువలేనివానికి కండ్లజోడు కావలెనని ఇంటికి చీటి పంపుదుము. ఈ పరీక్ష మంచిదే. పిల్లల చదువునకు ఎంతయో మేలు చేయుచున్నది. కాని పెద్దలు తమ విషయమున ఈ పలకనే నమ్ముకొని యుండుట ప్రమాదము. కడపటి వరుసను తప్పులేక చదువగల కంటిలోనే, చూపును మెదడునకు కొనిపోవు నరము కొంచెము కొంచెముగా ఎండిపోవుచుండవచ్చును. కన్ను గలవానికి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఈ జబ్బునకు తెలుగున నీటికాసులని పేరు. ఇంగ్లీషు వైద్యమున గ్లాకోమా అందురు. మనము కాపురముండు తమిళనాట ఆసుపత్రులలో కణ్ నీర్ అళుత్త నోయ్ అని వ్యవహరింతురు. మూడు పేర్లును ఒక్క జబ్బునకే చెందినవని ముందుగా గుర్తుంచుకొనవలెను. ఏలయన, జబ్బు పేరు తెలియక, దీనిని వేరొక జబ్బుగా నెంచి కాలము పోగొట్టుకొన్నవారు మనలో కలరు. అట్టివారిలో మా అన్నగారొకరు.

ఆయన వ్యవసాయదారు. అరువది యేండ్లు దాటిన పిమ్మట కుడికంట మసకగా నున్నదని చెప్పిరి. ఇంటిల్లిపాదియు అది శుక్లమనియే తలచితిమి. "పొర ఇంకను ముదురలేదు, ముదిరిన తరువాత తీయించవచ్చును" అని ఇరుగుపొరుగువారు చెప్పిరి. పదిమందికి చదువు చెప్పు నేనును ఔననుకొంటిని. ఇట్లు రెండు సంవత్సరములు గడచినవి. ఒకనాడు కుడిప్రక్కనుండి వచ్చిన సైకిలును కానక క్రిందపడిన మీదట గాని ఆయనను ఆసుపత్రికి కొనిపోలేదు. వైద్యురాలు పరీక్షించి, "ఇది పొర కాదు. నరము చాలవరకు పోయినది. పోయినదానిని ఎవరును తేలేరు, ఉన్నదానిని కాపాడుకొందము" అనిరి. పిమ్మట నావైపు చూచి, "మీరు ఆయనకేమగుదురు?" అని యడిగిరి. తమ్ముడనంటిని. "అట్లయిన మీ కన్నులును ఈ దినమే చూడవలెను" అనిరి.

నేను కండ్లజోడు పెట్టుకొని పలకను చివరి వరకు చదివితిని. అంతటితో ముగిసినదనుకొంటిని. ఆమె నా కన్నులలో చుక్కలు వేసి, కనుపాపలు విప్పారిన పిమ్మట లోపల చూచి, ఎడమకంటి నరము మొదట గుంట కుడికంటి దానికంటె పెద్దదిగా నున్నదని చెప్పిరి. నా చూపులో లోపమేమియు లేదు. అయినను కంటిలో మార్పు కలదు! ఇది ఎట్లు సాధ్యమని ఆనాడు నేనడిగిన ప్రశ్నలును, వైద్యులవలన, గ్రంథములవలన తెలిసికొన్న సమాధానములును మీకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కంటిలోని నీరు

కంటి ముందుభాగమున, నల్లగ్రుడ్డుపై నుండు అద్దము వంటి పొరకును కటకమునకును నడుమ, స్వచ్ఛమైన నీరు నిండియుండును. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటి వెలుపలి తడి. ఇది లోపలి నీరు. కంటిలోని రంగుతెర వెనుకభాగమున ఇది నిరంతరము ఊరుచుండును. కనుపాప రంధ్రముగుండ ముందుకు వచ్చి, అద్దపుపొరయు రంగుతెరయు కలిసికొను మూలయందు జల్లెడ వంటి ద్వారముగుండ బయటికి పోయి రక్తములో కలియును. ఊరునది అత్యల్పము, నిమిషమునకు ఒక చుక్కలో ఇరువదవ పాలు మాత్రమే. ఐనను ఊరినంతయు బయటికి పోవలెను.

చెరువు గలిగిన గ్రామములవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. కాలువనుండి నీరు వచ్చుచునే యుండి, తూము పూడిపోయిన యెడల ఏమగును? నీరు కట్టమీద ఒత్తును. కట్ట అంతటను ఒక్క బలముతో నుండదు గనుక, ఎచ్చట బలహీనముగా నున్నదో అచ్చటనే దెబ్బతినును. కంటిగోడలో అట్టి బలహీనమైన తావు వెనుకవైపున, నరము బయటికి పోవుచోట నున్నది. అచ్చట గోడ గట్టిగా నుండక సన్నని రంధ్రముల పళ్ళెరమువలె నుండును. ఆ రంధ్రములగుండ నరపుపోగులు మెదడువైపు సాగిపోవును.

నరము మొదట నున్న గుంట

ఒక్కొక్క కంటినుండి పది పండ్రెండు లక్షల నరపుపోగులు బయలుదేరును. ఇవి కంటి లోపలి గోడమీది చూపుతెర అంతటినుండి వచ్చి, ఒకచోట గుమిగూడి, వంగి, ఆ పళ్ళెరముగుండ దిగును. అవి దిగుచోటు లోపలినుండి చూచినప్పుడు గుండ్రని బిళ్ళవలె గనబడును. దాని వెడల్పు రమారమి ఒకటిన్నర మిల్లీమీటరు. బిళ్ళ నడుమ చిన్న గుంట, గుంట చుట్టును నారింజరంగు అంచు నుండును. ఆ అంచే నరపుపోగుల కట్ట. అంచు దళసరిగా నున్నంతకాలము పోగులు క్షేమము. పోగులు చచ్చినకొలది అంచు పలుచబడును, గుంట పెద్దదగును.

ఇక వైద్యులు వెదకు తొలి మార్పులేవనగా: మొదటిది, గుంట నానాటికి పెరుగుట. బిళ్ళ వెడల్పును ఒకటిగా నెంచి, గుంట అందులో ఎంత భాగమో చీటిమీద 0.3 అనియో, 0.5 అనియో వ్రాయుదురు. రెండవది, రెండు కన్నుల గుంటలకు నడుమ తేడా. ఈ తేడా 0.2కు మించినయెడల అనుమానింపవలెనందురు. మూడవది, అంచు ఒకచోట, ముఖ్యముగా క్రిందివైపునగాని పైవైపునగాని, కొరికినట్లు తరిగిపోవుట. నాలుగవది, బిళ్ళ అంచున సన్నని గీత వంటి రక్తపుచార కనబడుట. ఐదవది, బిళ్ళ చుట్టును చూపుతెరపై పరచుకొన్న నరపుపోగుల పొర పలుచబడుట. ఈ ఐదింటిలో ఏదియు నొప్పి పెట్టదు, కన్ను ఎఱ్ఱబడదు, నీరు కారదు.

జీవించియున్న మనుష్యుని కంటిలోని ఈ బిళ్ళను చూచుటకు వీలు కలిగినది 1851లో. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆ సంవత్సరమున నేత్రదర్శినిని ప్రకటించెను. ఆ పరికరముతో మొదట చూచిన వైద్యులు, గొప్పవాడైన గ్రేఫెతో సహా, ఈ జబ్బులో బిళ్ళ పైకి ఉబ్బినదని భ్రమపడిరి. అది ఉబ్బు కాదు, గుంట యని కొలది కాలమునకే గ్రహించి దిద్దుకొనిరి. పెద్దవారును మొదటి చూపున పొరబడుదురనుటకును, దిద్దుకొనుటలో చిన్నతనము లేదనుటకును ఇది నిదర్శనము. నేడు, 1991లో ప్రకటింపబడిన ఓ.సి.టి. అను వెలుగు పరీక్షవలన, నరపుపోగుల పొర మందమును మిల్లీమీటరులో వెయ్యవ పాళ్ళలెక్కన కొలువగలుగుచున్నారు.

చూపున కేల తెలియదు?

నరము ఎండుచున్నప్పుడు మనకు తెలియకపోవుటకు మూడు కారణములు గలవు. నష్టము సామాన్యముగా మొదట నడిమి చూపునకు గాక ప్రక్కచూపునకు కలుగును. పలకను చదువునది నడిమి చూపు. ఒక కంట లోపించినదానిని రెండవ కన్ను చూచి పూరించును. రెండును లోపించినచోట మెదడే చుట్టుప్రక్కలదానిని బట్టి ఊహించి నింపును. నల్లని మచ్చ యేదియు కనబడదు. కావుననే రోగి తనకు చూపు తగ్గినదనక, కాలికి ఏదో తగులుచున్నదనియు, మెట్లు దిగుట కష్టముగా నున్నదనియు చెప్పును. దానిని ముసలితనమని మనము త్రోసివేయుదుము.

ప్రక్కచూపును కొలుచుటకు వేరొక పరీక్ష కలదు. గిన్నె వంటి యంత్రము నెదుట కూర్చుండి, నడుమ నున్న గురుతునే చూచుచు, అక్కడక్కడ మెరయు చిన్న వెలుగులు కనబడినప్పుడెల్ల బొత్తామును నొక్కవలెను. ఈ పరీక్షయు మిక్కిలి తొలిదశలో మార్పును పట్టలేకపోవచ్చును. అమెరికాలో బాల్టిమోరు నగరపు వైద్యుడు హ్యారీ క్విగ్లీ 1980 ప్రాంతములలో, మరణించినవారి కంటినరములలోని పోగులను లెక్కించి, కొందరిలో నూటికి నలువది వరకు పోగులు పోయిన తరువాత గాని నాటి పరీక్షలలో చూపులోపము స్పష్టముగా కనబడలేదని తెలిపెను. అనగా, చూపును కొలిచి జబ్బును పట్టుటకు ఎదురుచూచువాడు, పంట సగము పోయిన పిమ్మట చేనికి కాపలా పెట్టువానివంటివాడు. కావుననే చూపుతోపాటు నరమును చూడవలెను.

ఒత్తిడి యొక్కటియే చాలదు

కంటి లోపలి ఒత్తిడి సామాన్యముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల పాదరసమునకు లోబడియుండును. దీనిని కొలుచుట సులభము, నొప్పి లేదు. కాని ఒత్తిడి 21కి లోపల నున్నవారిలోను అనేకులకు నరము చెడుట కలదు. 21కి మించినవారిలో చాలమందికి చెడకుండుటయు కలదు. కావున ఒత్తిడి బాగున్నదని విని లేచి వచ్చుట తగదు. నరమును చూచితిరా యని అడుగవలెను.

వేరొక తీరు నీటికాసులు కలదు. కొందరికి పుట్టుకచేతనో, వయస్సుతో కటకము లావగుటచేతనో, నీరు బయటికి పోవు మూల ఇరుకై యుండును. అది యొక్కసారిగా మూసుకొన్నచో భరింపరాని కంటినొప్పి, తలనొప్పి, వాంతులు కలుగును. దీపము చుట్టును ఇంద్రధనుస్సు వంటి వలయములు కనబడును. దీనిని పైత్యమని ఇంట పండుకొనబెట్టక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. ఇరుకు మూలను వైద్యులు అద్దముల కటకముతో ముందుగనే చూడగలరు. అవసరమని తోచినవారికి లేజరు కాంతితో రంగుతెరలో సూదిబెజ్జమంత రంధ్రము చేసి నీటికి వేరుదారి కల్పింతురు.

అనుమానము జబ్బు కాదు, ఉపేక్షయు తగదు

గుంట పెద్దదని విన్నంతనే గుడ్డివాడనగుదునని నేను భయపడితిని. అది పొరబాటు. కొందరికి పుట్టుకతోనే బిళ్ళ పెద్దది, అందులో గుంటయు పెద్దది. వారికి ఏ హానియు లేదు. ఒక్కనాటి పరీక్షతో చెప్పలేనిదానిని, ఆరు నెలలకో సంవత్సరమునకో మరల చూచి, మార్పు కలదో లేదో పోల్చి చెప్పుదురు.

అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2002లో ఫలితములు ప్రకటించెను. ఒత్తిడి యెక్కువగా నుండి, నరము ఇంకను చెడనివారిని రెండు తెగలుగా విభజించి, ఒక తెగవారికి మాత్రమే ఒత్తిడి తగ్గించు చుక్కలిచ్చిరి. ఐదేండ్లలో చుక్కలు వేసికొననివారిలో నూటికి 9.5 మందికి జబ్బు కలిగెను. వేసికొన్నవారిలో నూటికి 4.4 మందికి మాత్రమే. ఇందు రెండు పాఠములు గలవు. చుక్కలు లేకున్నను పదిమందిలో తొమ్మండుగురు ఆ ఐదేండ్లు క్షేమముగనే యుండిరి. కావున భయము వలదు. ముందుగా పూనుకొన్నచో అపాయము సగమునకు తగ్గినది; కావున అశ్రద్ధయు వలదు.

కాని మనలో భయపడువారికంటె, తెలియనివారే యెక్కువ. చెన్నపట్టణము, దాని చుట్టుప్రక్కల పల్లెలలోను, అంతకుముందు ఆంధ్రదేశములోను ఇంటింటివారిని పిలిచి కన్నులు పరీక్షించినప్పుడు, నీటికాసులు బయటపడినవారిలో పదింట తొమ్మండుగురికి పైగా తమకా జబ్బున్నదని అంతవరకు ఎరుగనే యెరుగరు.

పిల్లల సంగతి

ఇది పెద్దల జబ్బేయైనను పిల్లలను పూర్తిగా విడువలేదు. పసిబిడ్డ కన్నులు మిక్కిలి పెద్దవిగా నుండి, వెలుతురు చూడలేక మూసికొనుచు, నీరు కారుచు, నల్లగ్రుడ్డు మసకగా నున్నచో, కలువకన్నుల బిడ్డయని మురిసిపోక వెంటనే చూపింపవలెను. పసివారి కంటిగోడ మెత్తన గనుక లోపలి ఒత్తిడికి సాగి కన్ను పెద్దదగును. దీనికి శస్త్రచికిత్స కలదు. ఎంత త్వరగా జరిగిన అంత మేలు. మేనరికములు, దగ్గర చుట్టరికపు వివాహములు గల కుటుంబములలో ఇది హెచ్చుగా గనబడుచున్నదని వైద్యులు చెప్పుదురు. మనలో మేనరికము వాడుక గనుక ఈ మాట వ్రాయక తప్పదు.

రెండవ సంగతి మరింత ముఖ్యము. ఎండకాలమున కన్నులు దురదపెట్టి ఎఱ్ఱబడు పిల్లలకు వైద్యులు కొలది దినములకు స్టీరాయిడు చుక్కలు వ్రాయుటకలదు. అవి వేసిన గంటలలో హాయి కలుగును. మరుసటి యేడు తల్లిదండ్రులు ఆ పాత చీటినే మందుల దుకాణమున చూపి, నెలల తరబడి అవియే వేయుదురు. కొందరిలో ఈ చుక్కలు కంటి ఒత్తిడిని పెంచి నరమును చెరచును. వైద్యుడు చెప్పిన దినములకు మించి వానిని ఒక్కనాడును వేయరాదు. బంతి, కఱ్ఱబిళ్ళ, టపాకాయ కంటికి తగిలిన పిల్లలకు, గాయము మానినను, సంవత్సరముల పిమ్మట ఒత్తిడి పెరుగవచ్చును. అట్టివారిని అప్పుడప్పుడు చూపింపవలెను.

మనము చేయవలసినది

నలువది యేండ్లు నిండిన ప్రతివారును చత్వారపు జోడుకొరకు అంగడికి పోవుటతో సరిపెట్టుకొనక, కంటివైద్యునిచే నరమును చూపించుకొనవలెను. తల్లికిగాని, తండ్రికిగాని, అన్నదమ్ములకు అక్కచెల్లెండ్రకుగాని ఈ జబ్బున్నవారు మొట్టమొదట పోవలెను. మధుమేహము గలవారు, దూరపు చూపునకు దళసరి అద్దములు వాడువారు, స్టీరాయిడు మందులు చాలకాలము వాడినవారును అట్లే. ఒత్తిడి, నీరుపోవు మూల, నరపుబిళ్ళ, అవసరమైన ప్రక్కచూపు, ఈ నాలుగును చూడవలసినవి. కనుపాప విప్పారుటకు చుక్కలు వేసిన పిమ్మట కొన్ని గంటలు మసకగా నుండును గనుక, తోడొకరిని కొనిపోవలెను, వాహనము నడుపరాదు.

చీటీలను పారవేయక భద్రపరచుడు. ఐదేండ్ల క్రిందటి 0.4 నేటి 0.6 ఐనదని చూపునది ఆ చీటియే.

చుక్కలు వ్రాసినచో ప్రతిదినము వేసికొనవలెను. చుక్క వేసిన పిమ్మట కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటిమూలను వ్రేలితో రెండు నిమిషములు మెల్లగా ఒత్తి పట్టవలెను. రెండు రకముల చుక్కలైనచో నడుమ ఐదు నిమిషములు ఆగవలెను. చుక్కలు వేసినను చూపు మెరుగగుట లేదని చాలమంది మానివేయుదురు. ఆ చుక్కలు పోయిన చూపును తెచ్చుటకు గాదు, ఉన్న చూపును నిలుపుటకు. ఏ మార్పును కనబడకుండుటయే వాని ఫలము.

ఖర్చునకు వెరవ నక్కరలేదు. చెన్నపట్టణమున ఎగ్మూరులో 1819లో ఆరంభమైన ప్రభుత్వ నేత్రవైద్యశాల కలదు. మధురలో డాక్టరు గోవిందప్ప వేంకటస్వామిగారు 1976లో పదునొకండు పడకలతో ఆరంభించిన అరవింద నేత్రవైద్యశాలయు, 1978లో చెన్నపట్టణమున స్థాపితమైన శంకర నేత్రాలయమును పేదలకు ఉచితముగా వైద్యము చేయుచున్నవి. భాషకును జంకవలదు. "మా ఇంట కణ్ నీర్ అళుత్తము ఉన్నది" అని ఒక్క మాట చెప్పగలిగిన చాలును. మిగిలినదానిని వారే అడుగుదురు.

మా అన్నగారి కుడికన్ను మరల రాలేదు. ఎడమకంట మిగిలిన చూపు చుక్కలవలన నిలిచియున్నది. దినపత్రిక తామే చదువుకొనుచున్నారు. నా గుంట రెండు సంవత్సరములుగా పెరుగలేదు. ఆరు నెలల కొకమారు పోయి చూపించుకొనుచున్నాను. ఆయన కంటె నేను తెలివిగలవాడనై యుండుటచేత కాదు. ఆయన నష్టమే నాకు హెచ్చరిక యగుటచేత.

ఈ సంవత్సరము పిల్లల కంటి పరీక్ష చీటితోపాటు మీ ఇంటికి వేరొక చిన్న కాగితము వచ్చును. అందొక్కటే ప్రశ్న: "మీ ఇంట పెద్దలలో ఎవరికైన చూపు పోయినదా? ఏ జబ్బుచేత?" పిల్లవాడు అడిగినప్పుడు ముసలితనమని చెప్పి పంపక, తాతగారినో అవ్వగారినో కూర్చుండబెట్టి తెలిసికొని వ్రాయుడు. సరియైన సమాధానము తెలియనిచో, ఆ తెలియకపోవుటయే ఆసుపత్రికి పోవలసిన కారణము.